గట్టెక్కడం వేరు, పట్టు దొరకడం వేరు: ఒక స్టార్ రిపోర్టు, ఒక తెలుగు కుటుంబం

2024 ఆగస్టు, స్కూళ్లు తెరిచిన రెండో వారం. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఒక తండ్రి నా గదికి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని విప్పి బల్ల మీద పెట్టారు. టెక్సస్‌లో మూడో తరగతి నుంచి పిల్లలు రాసే స్టార్ అనే రాష్ట్ర పరీక్ష రిపోర్టు అది. అందులో ‘అప్రోచెస్ గ్రేడ్ లెవెల్’ అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఒకచోట కాదు, లెక్కల్లో ఒకటి, రీడింగ్‌లో ఒకటి. "మా అమ్మాయి రెండు సబ్జెక్టుల్లోనూ ఫెయిలైంది మేడమ్. రిపోర్టు కార్డులో అన్నీ బాగున్నాయి. ఎక్కడ తప్పు జరిగింది?" అని అడిగారు.

పాప ఫెయిల్ కాలేదు. టెక్సస్‌లో అప్రోచెస్ అంటే పాసే. కానీ ఈ ఒక్క మాట చెప్పి ఆయన్ను పంపేసి ఉంటే, ఇంకో పొరపాటుతో ఇంటికి వెళ్లేవారు. ఆ కుటుంబంతో ఏడాది పాటు చేసిన పని గురించి, మధ్యలో నేను చేసిన తప్పుల గురించి ఇక్కడ రాస్తున్నాను. డాలస్ ఉత్తర శివార్లలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో నేను లెక్కల ఇంటర్వెన్షన్ టీచర్‌ని, అంటే లెక్కల్లో వెనకబడిన పిల్లలకు విడిగా సాయం చేసే టీచర్‌ని. మా తరగతుల్లో తెలుగు పిల్లలు చాలామంది ఉంటారు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఇంట్లో పరిస్థితి

తండ్రి, తల్లి ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పాప మూడో తరగతి పూర్తిచేసి నాలుగులోకి వచ్చింది. అమ్మమ్మ, తాతయ్య ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. తాతయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు.

జూన్‌లో రిపోర్టు వచ్చినప్పటి నుంచి ఇంట్లో టెన్షన్. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో తమ అబ్బాయిది ‘మాస్టర్స్’, అంటే స్టార్‌లో అన్నిటికన్నా పై స్థాయి, అని పెట్టారు. తల్లి వెంటనే పాపను రెండు కోచింగ్ సెంటర్లలో చేర్పించారు. న్యూజెర్సీలో ఉన్న ఆవిడ అక్క అక్కడి వర్క్‌బుక్కులు పంపించింది. స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ ఉంది. వీళ్లకు ఇంగ్లిష్ బాగా వచ్చు కాబట్టి అర్థమయ్యే ఉంటుందని మేమంతా అనుకున్నాం. ఉత్తరంలో తెలియని మాట ఒక్కటీ లేదు. కానీ ఆ మాటల వెనక ఉన్న పద్ధతి వాళ్లకు కొత్త.

మన దగ్గర చదువుకున్న వాళ్లకు పరీక్ష అంటే మార్కులు, ర్యాంకు. 35 వస్తే పాసు, 60 వస్తే ఫస్ట్ క్లాసు. కాగితం మీద ఏ అంకె కనిపించినా దాన్ని ఈ రెండిట్లో ఒకటిగా చదువుతాం. స్టార్ రిపోర్టులో ఉండేది నాలుగంకెల స్కేల్ స్కోరు. దాని పక్కన నాలుగు స్థాయిల్లో ఒకటి, ఇంకా చదివే స్థాయికి లెక్సైల్, లెక్కల స్థాయికి క్వాంటైల్ అనే కొలతలు. స్కూల్లో ఏడాదికి రెండు మూడుసార్లు పెట్టే మ్యాప్ పరీక్ష రిపోర్టు ఇంకొకటి, అందులో రిట్ స్కోరు, పర్సంటైల్. పాపకు మ్యాప్ లెక్కల్లో 61 పర్సంటైల్ వస్తే, తండ్రి అది నూటికి 61 మార్కులనుకున్నారు. "మీ బంధువుల పిల్లలెవరైనా జేఈఈ మెయిన్ రాశారా?" అని అడిగాను. మేనల్లుడు రాశాడట. 2019 నుంచి ఆ పరీక్షలో ఇచ్చేది పర్సంటైలే కదా అన్నాను. ఆయన చేయి నుదుటికి వెళ్లింది. దేశం మొత్తం మీద అదే తరగతి పిల్లల్లో నూటికి దాదాపు 61 మంది కంటే పాప ముందుందని నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

నేను మొదట చేసింది, అది ఎందుకు పనిచేయలేదు

ఇలాంటి ప్రశ్నలతో వచ్చిన కుటుంబాలు ఇంకా ఉండడంతో, సెప్టెంబర్‌లో ఒక శనివారం స్కూలు లైబ్రరీలో తెలుగులో సమావేశం పెట్టాను. తొమ్మిది కుటుంబాలు వచ్చాయి. నలభై స్లయిడ్లు తయారుచేశాను. చరిత్రతో మొదలుపెట్టాను. టెక్సస్‌లో ఏ తరగతి పిల్లలకు ఏమేం రావాలో రాసిపెట్టిన జాబితా పేరు టీక్స్, అంటే టెక్సస్ ఎసెన్షియల్ నాలెడ్జ్ అండ్ స్కిల్స్. ప్రజలు ఎన్నుకున్న 15 మంది సభ్యుల స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ దాన్ని ఆమోదిస్తుంది. పిల్లలు దాన్ని అందుకున్నారో లేదో చూసే పరీక్ష స్టార్. అది 2012లో టాక్స్ అనే పాత పరీక్ష స్థానంలో వచ్చింది, 2023లో రూపం మార్చుకుంది. ఇలా సాగింది నా ఉపన్యాసం. ఒక్క విషయం మాత్రం అందరికీ పనికొచ్చింది. చాలా రాష్ట్రాలు ఉమ్మడిగా తీసుకున్న కామన్ కోర్ అనే పాఠ్య ప్రమాణాలను టెక్సస్ తీసుకోలేదు, 2013లో చట్టం చేసి మరీ వద్దంది. కాబట్టి వేరే రాష్ట్రాల నుంచి చుట్టాలు పంపే పుస్తకాలు మన పిల్లల పరీక్షకు సరిగ్గా అతుకుతాయన్న హామీ లేదు. ఆ మాట విన్నాక ఇద్దరు ముగ్గురు తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అసలు దెబ్బ నాలుగు స్థాయిల దగ్గర తగిలింది. వాటిని నేను ఇంగ్లిష్ పక్కన పెట్టుకుని అనువాదం చేశాను. అప్రోచెస్‌కి ‘దగ్గరకు వచ్చారు’ అని రాశాను. దగ్గరకు వచ్చారంటే ఇంకా చేరలేదనే కదా. గదిలో ఉన్న వాళ్లంతా దాన్ని ‘కొద్దిలో ఫెయిల్’ అనుకున్నారు. నేను సరిదిద్ది "కాదండీ, అది పాసే" అనగానే, ఒక తండ్రి "అయితే ఇంక బాధ లేదు" అంటూ ఫోను తీశారు. అటూ ఇటూ రెండువైపులా తప్పే. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ లెక్కలో అప్రోచెస్ అంటే, ఫలానా చోట్ల గట్టి సాయం అందితే పై తరగతిలో నెగ్గుకొస్తారని. సాయం అందితేనే.

అప్పటిదాకా వెనక వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్న ఆ అమ్మమ్మ గారు అన్నారు: "అంటే గట్టెక్కింది అన్నమాట. ఏరు దాటింది గానీ చీర తడిసింది."

నా నలభై స్లయిడ్లలో అంత సరైన మాట ఒక్కటీ లేదు. ఆ రోజే బోర్డు మీద నాలుగు మాటలూ కొత్తగా రాసుకున్నాం. డిడ్ నాట్ మీట్‌కి ‘ఇంకా అందుకోలేదు’. అప్రోచెస్‌కి ‘గట్టెక్కింది’. మీట్స్‌కి ‘తరగతికి సరిపడా ఉంది’. మాస్టర్స్‌కి ‘పట్టు ఉంది’. అప్పటి నుంచి ఏ తెలుగు కుటుంబంతో మాట్లాడినా ఇవే వాడుతున్నాను.

అదే రోజు ఇంకో తల్లి అందరూ లేచాక ఆగిపోయి, గొంతు తగ్గించి అడిగారు. వాళ్ల బాబుది ‘ఇంకా అందుకోలేదు’ స్థాయి. "తరగతి ఆపేస్తారా?" అని. స్టార్ తప్పితే ఐదు, ఎనిమిది తరగతుల్లో పై తరగతికి పంపకుండా ఆపే నిబంధన ఒకప్పుడు ఉండేది, 2021లో తీసేశారు. ఇప్పుడు ఆ పిల్లలకు చిన్న గుంపులో 15 లేదా 30 గంటల అదనపు బోధన ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలియక ఆవిడ వేసవంతా సరిగా నిద్రపోలేదు. ఈ సమాచారం ఉత్తరంలోనే ఉంది, రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

ప్రశ్నను చేతిలో పెట్టాక

రెండో సమావేశానికి స్లయిడ్లు లేవు. ఒక్కొక్కరికీ ఒక కాగితం, దాని మీద స్టార్ తరహాలో నేను తయారుచేసిన మూడో తరగతి లెక్క ఒకటి. తోటలో 6 వరుసలు, వరుసకు 8 మొక్కలు. 12 మొక్కలు అమ్మేశారు. మిగిలినవి ఎన్ని? జవాబులు నాలుగు: 26, 36, 48, 60.

అందరూ 36 అన్నారు. నేను అడిగింది వేరు: "మిగతా మూడూ ఎక్కడి నుంచి వచ్చాయి?" 60 అంటే 12 తీసేయాల్సింది కలిపారు. 26 అంటే ఆరూ ఎనిమిదీ గుణించకుండా అన్నీ కూడేశారు. 48 అంటే మొదటి మెట్టు ఎక్కి అక్కడే ఆగిపోయారు. ఇలాంటి పరీక్షలో తప్పు జవాబులు గాలిలోంచి రావు, పిల్లలు ఆగిపోయే చోట్లన్నీ చూసుకుని రాస్తారు.

తండ్రి ఫ్యామిలీ పోర్టల్ తెరిచారు. స్టార్ రాసిన ప్రతి పిల్లకూ ఒక కోడ్ ఇస్తారు, దానితో లోపలికి వెళ్తే స్కోరుతో పాటు ప్రశ్నలూ, పాప ఇచ్చిన జవాబులూ కనిపిస్తాయి. రిపోర్టు వచ్చి మూడు నెలలైనా ఆయన అప్పటిదాకా దాన్ని తెరవలేదు. స్కూలు రేటింగు చూసి ఇల్లు కొనుక్కున్న కుటుంబం అది. ఆ రేటింగుకు ఆధారమైన పరీక్షలోని ఒక్క ప్రశ్న కూడా ఇంట్లో ఎవరూ చూడలేదు. వాళ్లను తప్పుపట్టడానికి కాదు ఈ మాట, ప్రశ్న చూడొచ్చని మేమే గట్టిగా చెప్పలేదు. పాప తప్పుచేసిన లెక్కలు తిరగేస్తే చాలావరకు రెండు మెట్ల లెక్కలే. ప్రతిచోటా మొదటి మెట్టు దగ్గర దొరికే జవాబే పెట్టింది. ఇంట్లో దానికి వాళ్లు పెట్టిన పేరు ‘కేర్‌లెస్’. కోచింగ్ సెంటర్లలో వేగం పెంచే షీట్లు చేయిస్తున్నారు, ఆ వేగమే పాపను మొదటి మెట్టు దగ్గర ఆపేస్తోంది.

దీనికి టీక్స్‌లో చెప్పిన సాధనం స్ట్రిప్ డయాగ్రమ్. లెక్కలో తెలిసినవాటినీ తెలియనిదాన్నీ పొడుగాటి పట్టీ గీసి, ముక్కలుగా చూపించడం. మూడో తరగతిలో 3.5బి అన్న అంశం, నాలుగులో 4.5ఎ అన్న అంశం దీన్నే అడుగుతాయి. ఇంట్లో గొడవ మొదలైంది కూడా ఇక్కడే. తాతయ్య గారు పాపకు నిలువు గుణకారం, ఇరవై ఎక్కాలు నేర్పుతున్నారు. హోంవర్క్‌లో పట్టీలు గీయమంటే "ఈ బొమ్మలెందుకు, టైం దండగ" అని కొట్టేసేవారు. పాప ఇటు స్కూలు, అటు తాతయ్య మధ్య నలిగిపోయి చివరికి రెండూ మానేసింది.

మాస్టారితో నేను వాదన పెట్టుకోలేదు. నాలుగో తరగతి లెక్క ఒకటి ఇచ్చాను. 50 లడ్డూలు, పెట్టెకు 8 పడతాయి. అన్నీ సర్దడానికి ఎన్ని పెట్టెలు కావాలి? ఆయన నోటితోనే చెప్పేశారు: "ఆరు, శేషం రెండు." పెట్టెలు ఎన్నండీ అని మళ్లీ అడిగాను. ఒక్క క్షణం ఆగి, నవ్వేశారు. ఏడు. శేషం కింద గీత గీసి వదిలేయడం మనకు అలవాటు, ఆ మిగిలిన రెండు లడ్డూలు ఎక్కడికి వెళ్తాయో అడగడం తక్కువ. నాలుగో తరగతి టీక్స్‌లో 4.4హెచ్ అడిగేది అదే, శేషాన్ని అర్థం చేసుకోవడం. ఆ తర్వాత పట్టీ గీసి చూపించాను. ఆయన చూసి, "పొలం వాటాలు వేసినట్టుంది కదమ్మా" అన్నారు.

అంతే, ఆ పూట నుంచి ఇంట్లో దాని పేరు వాటాల బొమ్మ. ఎక్కాలు మాననక్కర్లేదని కూడా చెప్పాను, ఎందుకంటే పది పదుల వరకు ఎక్కాలు తడుముకోకుండా రావాలని మూడో తరగతి టీక్సే అంటోంది. ఇరవై దాకా వస్తే ఇంకా మంచిది. బొమ్మ ముందు, గుణకారం తర్వాత, ఈ వరుస ఒక్కటే మారింది. డిసెంబర్‌లో తిరుగు ప్రయాణమయ్యే దాకా తాతయ్య గారు రోజుకు రెండు లెక్కలు పాపతో చేయించారు. కోచింగ్ సెంటర్లలో ఒకటి మాన్పించారు.

సున్నా వచ్చిన వ్యాసం

లెక్కల కంటే ఆ తండ్రిని ఎక్కువ బాధపెట్టింది రీడింగ్. అమెరికాలో పుట్టిన పిల్ల, ఇంట్లో కూడా ఇంగ్లిషే ఎక్కువ మాట్లాడుతుంది, మరి వ్యాసానికి 10కి సున్నా ఏమిటి? 2023లో పరీక్ష మారినప్పటి నుంచి మూడో తరగతి మొదలుకుని ప్రతి రీడింగ్ పరీక్షలోనూ చదివిన పాఠం మీద వ్యాసం రాయాలి, అదీ టైపు చేసి. 2023 డిసెంబర్ నుంచి ఎక్కువ జవాబులను కంప్యూటర్ దిద్దుతోంది, కొంత భాగాన్నే మనుషులు చూస్తారు. ఇది తెలిసి ఆయన మండిపడ్డారు. రీస్కోరింగ్ అడగొచ్చు, 50 డాలర్లు కట్టాలి, స్కోరు పెరిగితే వాపసిస్తారు. మన రీవాల్యుయేషన్ లాంటిదే. ఆయన కట్టడానికి సిద్ధమయ్యారు. ముందు పాప ఏం రాసిందో చదువుదాం అన్నాను.

పాప ఐదు వాక్యాలు రాసింది. తప్పుల్లేని ఇంగ్లిష్. కానీ పాఠంలోంచి ఒక్క విషయం కూడా అందులో లేదు, అంతా తన ఇష్టాయిష్టాలే. దిద్దే పద్ధతిలో విషయానికి, అమరికకు 3, భాషకు 2 ఉంటాయి, ఇలాంటి రెండు దిద్దుళ్లు కలిపితే 10. మొదటిదాంట్లో సున్నా వస్తే రెండోదాంట్లోనూ సున్నాయే. పాఠంలోంచి ఆధారం లేకపోతే ఎంత చక్కటి ఇంగ్లిష్ రాసినా అంతే సంగతులు.

ఇది చెప్పి ఒప్పించడం కష్టమనిపించి, నవంబర్ సమావేశంలో పెద్దవాళ్లతోనే రాయించాను. తేనెటీగల మీద ఒక పేజీ పాఠం తెలుగులో రాసి ఇచ్చాను. ‘తేనెటీగలు తగ్గితే రైతుకు ఏమవుతుంది? పాఠం ఆధారంగా వివరించండి’ అన్నది ప్రశ్న. ఇరవై నిమిషాల టైమిచ్చాను. ఆ తండ్రి ముప్పావు పేజీ రాశారు. ‘నేటి ఆధునిక యుగంలో పర్యావరణ పరిరక్షణ ప్రతి ఒక్కరి బాధ్యత’ అని మొదలుపెట్టి, ‘కావున మనమందరం’ అని ముగించారు. ఉపోద్ఘాతం ఉంది, ముగింపు ఉంది, దస్తూరీ ముత్యాల్లా ఉంది. తేనెటీగల గురించి పాఠంలో ఉన్న విషయం ఒక్కటీ లేదు. రూబ్రిక్, అంటే ఆ దిద్దే పద్ధతి రాసిన కాగితం, ఆయన చేతికే ఇచ్చి దిద్దుకోమన్నాను. చాలాసేపు కాగితం వైపు చూసి, "సున్నాయేనండీ" అన్నారు.

వ్యాసం అంటే మనకు నేర్పింది అదే. కంఠతా పట్టిన నాలుగు వాక్యాలు ఏ అంశానికైనా అతుకుతాయి, పేజీ నిండితే మార్కులొస్తాయి. పదో తరగతిలో నేనూ అలాగే రాశాను. ఇక్కడ అడిగేది వేరే పని: చదివినదాన్ని సాక్ష్యంగా నిలబెట్టి మాట్లాడడం. ఆయన రీస్కోరింగ్ ఆలోచన మానుకున్నారు. ఆ తర్వాత రాత్రి భోజనాల దగ్గర పాపను "నీకేమనిపించింది?" అని కాకుండా "అది పుస్తకంలో ఎక్కడుంది?" అని అడగడం మొదలుపెట్టామని తల్లి చెప్పారు. టైపింగ్ కూడా ఒక అడ్డంకే. ఇంట్లో పాపకు ట్యాబ్ ఉంది గానీ కీబోర్డు లేదు, పరీక్ష రోజే వేళ్లు వెతుక్కుంది. ఒక పాత ల్యాప్‌టాప్ ఇచ్చారు, వారానికి ఒక పేరా టైపు చేసింది.

ఏడాది తర్వాత

2025 జూన్‌లో నాలుగో తరగతి ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో ‘తరగతికి సరిపడా ఉంది’. రీడింగ్‌లో ఇంకా ‘గట్టెక్కింది’ దగ్గరే, వ్యాసానికి మాత్రం 10కి 4. లెక్కల్లో వచ్చిన మార్పంతా మా పనివల్లేనని నేను అనను, పాప ఏడాది పెద్దదైంది, నాలుగో తరగతి టీచర్ చాలా మంచి టీచర్. రీడింగ్‌లో నేను ఇంకా ముందే మొదలుపెట్టి ఉండాల్సింది. లెక్కల టీచర్‌ని కాబట్టి లెక్కల దగ్గరే ఎక్కువ కాలం గడిపాను.

ఈసారి ఫలితం వచ్చిన రోజే తండ్రి ఫోన్ చేశారు. స్థాయి గురించి ఒక్క మాటే అన్నారు, ఆ తర్వాత పోర్టల్‌లో పాప వ్యాసం తెరిచి నాకు చదివి వినిపించారు. "రెండు చోట్ల పాఠంలోంచి తీసుకుంది, మూడోది చెప్పకుండా ఆపేసింది" అని ఆయనే చెప్పారు.

ఇప్పుడు పాప ఐదో తరగతి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 2023లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లలను ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో స్కూలే చేర్చాలి, వద్దనుకుంటే తల్లిదండ్రులు చెప్పాలి. ఇది మంచి చట్టమని నా నమ్మకం. అంతకుముందు ఎక్కువగా అడిగిన వాళ్ల పిల్లలకే ఆ తరగతి దొరికేది, అడగాలని తెలియని ఇళ్లలోని పిల్లలు మిగిలిపోయేవారు. అయితే ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆ తల్లిలో మళ్లీ టెన్షన్ కనబడుతోంది. మానేసిన కోచింగ్ సెంటర్ గురించి రెండుసార్లు అడిగారు. పాప తప్పుచేసిన లెక్కలు పట్టుకుని రండి, చూసి మాట్లాడుకుందాం అన్నాను.

పరీక్ష కూడా మళ్లీ మారబోతోంది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ స్థానంలో ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు వస్తాయి. అంటే ఇంటికి ఏడాదికి మూడుసార్లు రిపోర్టు. అప్పటికి ఈ పాప మిడిల్ స్కూల్లో ఉంటుంది, వాళ్ల తమ్ముడు మా స్కూల్లో మూడో తరగతికి వస్తాడు. ఆ రిపోర్టుతో పాటు పంపే తెలుగు కాగితం ఒకటి ఇప్పటి నుంచే రాస్తున్నాను. ఒకే పేజీ. పైన ఒక ప్రశ్న, దాని నాలుగు జవాబులు, ఏ జవాబు పెట్టిన పిల్ల ఎక్కడ ఆగిందో. స్థాయిల పేర్లు కింద వస్తాయి, అమ్మమ్మ గారి మాటల్లోనే. రాసింది వీడియో కాల్‌లో మాస్టారికి చదివి వినిపిస్తే, లడ్డూల లెక్క కూడా అందులో పెట్టమన్నారు.